సుడిదోమ బంధువర్గం



చిలుకూరు అనగానే చాలామందికి హైదరాబాదు శివారులోని బాలాజీ గుడి గుర్తుకొస్తుంది. నేనిప్పుడు చెప్పేది కోదాడ పక్కనున్న చిలుకూరు గురించి. సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రం. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఈ ప్రాంతపు వ్యవసాయం పూర్తిగా మారిపోయింది. చెరువు నిండితేనే నాటు పడే పల్లెల్లో వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరే అయింది. సాగర్ ఆయకట్టు వడ్లతోనే మిర్యాలగూడలో అన్నేసి మిల్లులు ఆడుతున్నాయి.

నీళ్లు వచ్చిన చోటికి వరి వచ్చింది. వరి వచ్చిన చోటికి వరినే నమ్ముకుని బతికే ఒక పురుగు కూడా వచ్చి కుదురుకుంది. సుడిదోమ. పైరు పొట్ట దశకు వచ్చేసరికి పచ్చగా ఉన్న మడి మధ్యలో గుండ్రంగా ఒక మచ్చ పసుపు తిరుగుతుంది. మర్నాటికి ఆ మచ్చ పెద్దదవుతుంది. వారం తిరిగేసరికి అక్కడి పైరు ఎండి, పడిపోతుంది. దీన్నే మన రైతులు దోమపోటు అంటారు.

ఈ సుడిదోమ నిజానికి ఒక పెద్ద కీటక వంశంలో చిన్న సభ్యురాలు. దాని పొడవు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. అదే వంశంలో, దక్షిణ అమెరికా అడవుల్లో, ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల పొడవున్న పురుగులున్నాయి. మన దక్షిణ భారత కొండల్లోనూ పెద్ద పెద్ద రెక్కలతో, ముక్కు మీద కాడతో, చెట్టు బెరడుకు అంటుకుని కూర్చునే బంధువులున్నాయి. ఇవన్నీ ఒక్క వంశమని మనుషులు ఎలా తెలుసుకున్నారు, అది తెలియడం వల్ల చిలుకూరు రైతుకు ఏమిటి లాభం అన్నది ఈనాటి ప్రసంగం.

ముందు పొలంలోకే వెళ్దాం. మన ఊళ్లల్లో దోమ అనే మాట చాలా పురుగులకు వాడతాం. రాత్రి మనల్ని కుట్టే దోమ ఒకటి. వరి ఆకుల మీద ఎగిరే పచ్చదోమ ఇంకొకటి. దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన గుంపుగా ఉండే సుడిదోమ మరొకటి. దానితోపాటు వీపు మీద తెల్ల మచ్చ ఉండే దోమ కూడా కనిపిస్తుంది. కుట్టే దోమ ఈగల వర్గానికి చెందింది, దానికీ మిగతావాటికీ దగ్గరి బంధుత్వమేమీ లేదు. మిగిలిన మూడూ సూదిలాంటి మూతితో మొక్క రసం పీల్చేవే. అయినా ఆ మూడూ ఒకటి కాదు. పచ్చదోమ ఒక శాఖ, సుడిదోమా తెల్లమచ్చదోమా వేరే శాఖ. ఈ రెండు శాఖలూ విడిపోయి కోట్ల సంవత్సరాలు గడిచాయి.

పచ్చదోమ ఉన్న శాఖను శాస్త్రజ్ఞులు సికాడోమార్ఫా అంటారు. వేసవిలో చెట్టు మీద ఆగకుండా అరిచే సికాడాలు కూడా ఆ శాఖవే. సుడిదోమ ఉన్న శాఖ పేరు ఫల్గొరోమార్ఫా. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన ఫల్గొరోమార్ఫా జాతులు పదమూడు వేలకు పైనే ఉన్నాయి. వాటిని ఇరవై పైచిలుకు కుటుంబాలుగా విడదీశారు. వీటిలో ఎక్కువ భాగం ఉష్ణమండలంలోనే, అంటే మనలాంటి వేడి ప్రాంతాల్లోనే ఉంటాయి.

ఈ రెండు శాఖల్నీ వేరు చెయ్యడానికి ఒక భూతద్దం చాలు. పచ్చదోమ మీసాలు కళ్ల మధ్య నుంచి సన్నగా, వెంట్రుకల్లా పుడతాయి. సుడిదోమ శాఖలో మీసం కంటికి కింద, చెంప మీద పుడుతుంది. మీసం మొదట్లోనే ఒక కణుపు ఉబ్బి ఉంటుంది. ముఖం మీద నిలువుగా లేచిన అంచులు కనిపిస్తాయి. ముందు రెక్క మొదట్లో ఒక చిన్న పొలుసు ఉంటుంది. రెక్క వెనక భాగంలో రెండు ఈనెలు కలిసి ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఒక్కటవుతాయి. తర్వాత వెనక కాలు చూడండి. పచ్చదోమ కాలి మీద వరసగా ముళ్లుంటాయి. సుడిదోమ కాలి పిక్క చివర కదిలే ముల్లు ఒకటి, పెద్దది, ఉంటుంది. ఆ కదిలే ముల్లు డెల్ఫాసిడే అనే కుటుంబానికి గుర్తు. ప్రపంచంలో వరికి, చెరకుకు, మొక్కజొన్నకు చేటు చేసే చాలా దోమలు ఈ కుటుంబంలోవే.

ఇప్పుడు ఈ శాఖలో పెద్దవాటి దగ్గరికి వద్దాం. వాటి కుటుంబం పేరు ఫల్గోరిడే. ఆరేడు వందల జాతులున్నాయి. ముందు రెక్కలు చాలావాటికి చెట్టు బెరడు రంగులో ఉంటాయి. కదలకుండా కూర్చుంటే పక్కన నిలబడ్డా మన కంటికి ఆనవు. ముట్టుకుంటే మాత్రం వెనక రెక్కలు ఒక్కసారిగా విప్పుతాయి. ఎరుపు, పసుపు, నీలం, కొన్నింటికి పెద్ద కన్ను ఆకారపు మచ్చ. పిట్ట ఒక్క క్షణం వెనక్కి తగ్గితే చాలు, పురుగు గెంతి దూరమైపోతుంది. చాలా జాతుల్లో తల ముందుకు సాగి ఉంటుంది. కొన్నింటికి పొడుగాటి గొట్టంలా, కొన్నింటికి రంపం ఆకారంలో, దక్షిణ అమెరికాలోని ఒకదానికి పెద్ద వేరుశనగ కాయ ఆకారంలో.

ఆ వేరుశనగ తల పురుగు గురించి 1705లో ఒక ప్రసిద్ధ గ్రంథంలో రాశారు. రాసినావిడ మరియా సిబిల్లా మేరియన్. జర్మనీలో పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడి, 1699లో కూతుర్ని వెంటబెట్టుకుని సూరినామ్ వెళ్లిన చిత్రకారిణి. పురుగులు గుడ్డు నుంచి రెక్కల దాకా ఎలా మారతాయో స్వయంగా పెంచి, చూసి, బొమ్మలు గీసిన తొలి తరం పరిశీలకుల్లో ఆమె ముఖ్యురాలు. ఆ పురుగు తల రాత్రిపూట వెలుగుతుందనీ, ఆ వెలుగులో వార్తాపత్రిక చదవొచ్చనీ ఆమె రాసింది. లినేయస్ 1758లో దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు కూడా దీపం అర్థం వచ్చే లాటిన్ మాటే ఎంచుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ఎందరో చూశారు. ఏ తలా వెలగలేదు. అయినా ఇంగ్లీషులో లాంతరు పురుగులన్న పేరు మాత్రం ఈనాటికీ నిలిచిపోయింది.

మన దేశంలోనూ ఈ కుటుంబపు పురుగులున్నాయి. దక్షిణ భారత కొండల్లో ఉండే ఒకదాన్ని బ్రిటిష్ కీటక సేకర్త డ్రూ డ్రూరీ 1773లోనే వర్ణించాడు. దాని ముఖం కొసకు పైన సన్నని కాడలా ఒక భాగం పైకి లేచి ఉంటుంది. 1900లో జార్జ్ విలిస్ కిర్కాల్డీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఇలాంటి జాతులున్న ప్రజాతికి కాళిదాస అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ పురుగు శాస్త్రీయ నామం కాళిదాస లానాటా. తెలుగువాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందూ సొంతపేరు వెనకా వచ్చినట్టే ఈ శాస్త్రీయ నామాల్లోనూ ముందు ప్రజాతి పేరు, తర్వాత జాతి పేరు వస్తాయి. ఇంటిపేరు వింటే ఎవరి తాలూకో తెలుస్తుంది. ఇక్కడా అంతే.

సుడిదోమ శాస్త్రీయ నామం నీలపర్వత లూజెన్స్. స్వీడన్‌కు చెందిన కార్ల్ స్టోల్ 1854లో జావా నుంచి వచ్చిన నమూనాలతో దీన్ని మొదట వర్ణించాడు. నీలపర్వత అనే ప్రజాతి పేరు పెట్టినవాడు విలియం లూకస్ డిస్టెంట్. 1906లో వెలువడిన బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో మన దేశపు రసం పీల్చే పురుగులను ఆయన వరసగా వర్ణించాడు. ఆ పుస్తకంలో అడవిలోని కాళిదాస పురుగూ, వరి మడిలోని సుడిదోమ బంధువులూ అన్నీ ఫల్గోరిడే అనే ఒకే కుటుంబంలో, వేర్వేరు ఉపకుటుంబాలుగా ఉన్నాయి. తర్వాత ఫ్రెడరిక్ ముయిర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ ఉపకుటుంబాలను పరిశీలించి, ఒక్కొక్కటీ కుటుంబమే కాగలిగినంత వేరుగా ఉన్నాయని చెప్పాడు. 1930 నాటికి ఆయన వేసిన చట్రమే ఇప్పటి వర్గీకరణకు పునాది. ఈ రోజుల్లో జన్యువులను పోల్చి చూస్తున్నారు. సుడిదోమ కుటుంబం ఈ శాఖలో చాలా ముందుగా వేరుపడిందనీ, పెద్ద లాంతరు పురుగులకు దగ్గరి చుట్టాలు డిక్టియోఫారిడే అనే కోసు తల పురుగులనీ జన్యువులు చెబుతున్నాయి.

శ్రోతలారా, ఈ పేర్లూ చట్రాలూ గ్రంథాలయాల్లో ఉండిపోయేవని అనుకోకండి. కిర్కాల్డీ, ముయిర్ ఇద్దరూ జీతం తీసుకుని పనిచేసింది హవాయి దీవుల చెరకు తోటల యజమానుల సంఘంలో. అక్కడ 1900 ప్రాంతంలో ఒక చిన్న దోమ చెరకు తోటలను ఎండబెట్టడం మొదలుపెట్టింది. 1903లో కిర్కాల్డీ దాన్ని పరీక్షించి, కొత్త జాతిగా గుర్తించి, పెర్కిన్సియెల్లా సాకరిసిడా అని పేరు పెట్టాడు. అది డెల్ఫాసిడే కుటుంబం, అంటే మన సుడిదోమ ఇంటిదే. హవాయిలో పుట్టింది కాదు. అయితే పుట్టిల్లు ఎక్కడ? దాని బంధువులు ఆస్ట్రేలియా వైపు ఉన్నాయి. 1904లో కోబెల్, పెర్కిన్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడి చెరకులో అదే దోమ ఉంది, కానీ తోటలు ఎండలేదు. దాని గుడ్లలో గుడ్లు పెట్టి చంపే సన్నని కందిరీగలు అక్కడున్నాయి. వాటిని పట్టుకుని హవాయికి పంపారు. నష్టం బాగా తగ్గింది. 1920లో ముయిర్ ఇంకొక ఆయుధం తెచ్చాడు. దోమ గుడ్లను పొడిచి పీల్చే చిన్న మిరిడ్ నల్లి అది. కొన్నేళ్లలోనే హవాయి చెరకుకు ఆ దోమ బెడద తీరిపోయింది. పేరు తెలిసింది కాబట్టి పుట్టిల్లు తెలిసింది. పుట్టిల్లు తెలిసింది కాబట్టి శత్రువు దొరికింది.

ఇప్పుడు మన మడిలోకి చూడండి. సుడిదోమ గుడ్లను తినే మిరిడ్ నల్లి మన వరిలోనూ ఉంది. దాని పేరు సిర్టోరైనస్ లివిడిపెన్నిస్. ఆకుపచ్చ ఒళ్లు, నల్లని తల. దుబ్బు మొదట్లో దోమల మధ్యనే తిరుగుతుంది. దాన్ని చూసి ఇదీ దోమే అనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. గుడ్లలో పెరిగే అనాగ్రస్ కందిరీగలు కూడా ఉన్నాయి, అవి కంటికి కనపడనంత చిన్నవి. నీళ్ల మీద పరుగెత్తే సాలీళ్లున్నాయి. ఒక్కో సాలీడు రోజుకు కొన్ని దోమలను తింటుంది. ఈ సైన్యానికి మనం కూలి ఇవ్వాల్సిన పని లేదు. చంపకుండా ఉంటే చాలు.

ఇక సుడిదోమ బతుకు చూద్దాం. తల్లి పురుగు వరి ఆకు తొడుగును చీల్చి లోపల గుడ్లు పెడుతుంది. పిల్లలు ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. పిల్లలూ పెద్దలూ అందరూ ఒకేచోట, దుబ్బు మొదట్లో, నీడలో, తడిలో ఉండి రసం పీలుస్తాయి. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు కావలసిన నత్రజని తక్కువ. అందుకే అవి చాలా రసం తాగి, మిగిలిన చక్కెర నీళ్లను బయటికి వదిలేస్తాయి. ఆ తేనెబంక మీద నల్లని బూజు పడుతుంది. తక్కువైన పోషకాలను వాటి ఒంట్లో ఉండే సూక్ష్మజీవులు తయారుచేసి పెడతాయి. ఇక్కడే యూరియా సంగతి అర్థమవుతుంది. మనం అవసరానికి మించి యూరియా చల్లితే రసంలో నత్రజని పెరుగుతుంది. దోమకు తిండి బలమవుతుంది. ఆ మడిలో పుట్టే పిల్లలు ఎక్కువ, బతికేవీ ఎక్కువ.

ఈ పురుగులో రెండు రకాల పెద్దలు ఉంటాయి. పొట్టి రెక్కలవి ఎగరలేవు, కానీ ఎక్కువ గుడ్లు పెడతాయి. పొడవు రెక్కలవి ఎగిరి కొత్త పొలాలకు వెళ్తాయి. తిండి బాగున్నంతకాలం పొట్టి రెక్కలవి పుడతాయి. పైరు ముదిరి, గుంపు పెరిగాక పొడవు రెక్కలవి పుట్టి వలస పోతాయి. ఏ పిల్లకు ఏ రెక్కలన్నది ఇన్సులిన్‌కు స్పందించే రెండు గ్రాహకాలు నిర్ణయిస్తాయని 2015లో చైనా శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ప్రకటించారు. మనుషుల్లో షుగరు వ్యాధికి సంబంధించిన వ్యవస్థే ఇక్కడ ఎగరడమా ఉండిపోవడమా అన్నది తేలుస్తోంది.

ఎంత దూరం ఎగురుతుంది? 1967లో జపాన్ దేశపు వాతావరణ పరిశీలన నౌక ఒకటి ప్రధాన భూభాగానికి దక్షిణంగా సుమారు 500 కిలోమీటర్ల దూరంలో సముద్రం మీద ఉండగా ఈ దోమలు గుంపులుగా వచ్చి వాలాయి. జపాన్ చలిలో ఇవి బతకవు. ఏటా చైనా వైపు నుంచి గాలి మీద సముద్రం దాటి వస్తాయని అప్పుడు తేలింది. అంతకు చాలా ముందే, 1732లో, పశ్చిమ జపాన్‌లో దోమలు వరిని తుడిచిపెట్టడంతో పెద్ద కరువు వచ్చింది. తిమింగలం నూనెను మడి నీటి మీద పోసి, దోమలను దులిపి అందులో పడేసి చంపడం అక్కడి రైతులు నేర్చుకున్నారు.

ఈ పురుగులు మాట్లాడుకుంటాయి కూడా. సికాడా గొంతు ఊరంతా వినిపిస్తుంది. సుడిదోమ పిలుపు మన చెవికి వినిపించదు. మగదీ ఆడదీ పొట్ట కదిలిస్తూ వరి కాండం మీద ప్రకంపనలు పంపుతాయి. ఎదుటిది కాళ్లతో వాటిని గ్రహించి జవాబిస్తుంది. పరికరాలు పెట్టి ఆ ప్రకంపనలను ధ్వనిగా మార్చి విన్నవాళ్లు, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తీరు పిలుపు ఉందని రుజువు చేశారు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు దోమలు వేర్వేరు జాతులో కాదో తేల్చడానికి ఈ పిలుపులు కూడా పనికొస్తున్నాయి.

గెంతడంలోనూ ఈ శాఖ సామర్థ్యం గొప్పది. ఐరోపాలోని ఇసస్ అనే పురుగు పిల్లల వెనక కాళ్ల మొదట్లో పళ్ల చక్రాలున్నాయని 2013లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు మాల్కమ్ బరోస్, గ్రెగరీ సటన్ ప్రకటించారు. ఒక కాలి పళ్లు ఇంకో కాలి పళ్లలో పడి రెండు కాళ్లూ ఒక్కసారిగా తన్నుతాయి. మనిషి యంత్రాల్లో వాడే పళ్ల చక్రం ప్రకృతిలో పనిచేస్తూ కనిపించిన తొలి సందర్భమది.

మన చుట్టుపక్కల ఉన్న మరికొన్ని బంధువులను కూడా పరిచయం చేస్తాను. గట్ల మీది జిల్లేడును ఒకసారి దగ్గరగా చూడండి. యూరిబ్రాకిస్ టొమెంటోసా అనే పురుగు వెడల్పు రెక్కలతో కొమ్మకు అంటుకుని ఉంటుంది. 1775లో ఫాబ్రీషియస్ వర్ణించాడు. గంధపు చెట్ల మీదా దొరుకుతుంది. తీగల మీద, కొమ్మల మీద తెల్లని మైనపు పోగులతో కనిపించే పిల్లలు ఫ్లాటిడే కుటుంబానివి. కొబ్బరి ఆకుల కింద పొడవు రెక్కలతో ఉండేవి డెర్బిడే కుటుంబానివి. చెరకులో కోసు ముక్కుతో ఎండు గడ్డి రంగులో ఉండేది పిరిల్లా, అది లోఫోపిడే కుటుంబం. చెరకు రైతులందరికీ దాని పేరు తెలుసు. ఈ వరసలో చాలావాటి వల్ల మనకు ఏ నష్టమూ లేదు. పంట మీద పడేవి కొద్ది జాతులే.

పిరిల్లా కథలోనూ వర్గీకరణ ఉపయోగం కనిపిస్తుంది. ఎపిరికానియా అనే చిన్న రెక్కల పురుగు గొంగళి పిరిల్లా ఒంటికి అంటుకుని దాన్ని పీల్చి చంపుతుంది. ఆ గొంగళి ఉన్న కుటుంబమంతా ఎక్కువగా ఈ ఫల్గొరోమార్ఫా మీదే ఆధారపడి బతుకుతుంది. మన దేశంలో ఈ ఎపిరికానియాను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రపు చెరకు తోటలకు తీసుకెళ్లి వదిలి పిరిల్లాను అదుపు చేశారు.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ రాష్ట్రాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఇప్పుడు ఈ వంశం బాగా పరిచయం. 2014 సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీలో లైకోర్మా డెలికాటులా అనే లాంతరు పురుగు మొదట కనిపించింది. దాని పుట్టిల్లు చైనా. బురద పూసినట్టుండే గుడ్ల ముద్దలను రాళ్ల మీద, చెక్కల మీద, బళ్ల మీద కూడా పెడుతుంది. అలా సరుకుల వెంట ఊళ్లు దాటింది. ద్రాక్ష తోటలకు చేటు చేస్తోంది. కనిపించిన చోట తొక్కి చంపండి, గుడ్ల ముద్దలను గీకి పారేయండి అని అక్కడి ప్రభుత్వాలు ప్రజలను కోరాయి. చదువుకున్న, సంపన్న దేశానికి కూడా ఒక పురుగు ఎలా ఇబ్బంది తెస్తుందో ఇది చూపింది. అక్కడి శాస్త్రజ్ఞులు ఏం చేశారు? హవాయిలో ముందువాళ్లు చేసినదే. చైనా వెళ్లి దాని సహజ శత్రువులను వెతికారు. గుడ్ల మీద బతికే ఒక కందిరీగ, పిల్లల మీద బతికే డ్రైనిడ్ అనే మరో కందిరీగ దొరికాయి. పరీక్షించారు. ఆ డ్రైనిడ్ కుటుంబపు కందిరీగలు మన వరి మడుల్లో సుడిదోమను కూడా పట్టి చంపుతాయి. లాంతరు పురుగుకూ సుడిదోమకూ బంధుత్వం ఉందంటే, శత్రువులు కూడా ఒకే కుటుంబాల నుంచి రావడం సహజమే.

శత్రువులను చంపుకుంటే ఏమవుతుందో ఇండోనేషియా చూసింది. 1970లలో అక్కడ వరి మీద విపరీతంగా పురుగు మందులు చల్లారు. సాలీళ్లు, నల్లులు పోయాయి. దోమ మాత్రం పెరిగి పంటను ముంచింది. దోమను తట్టుకునే కొత్త వంగడాలు తెచ్చారు, ఒక్క ప్రతిరోధక జన్యువున్న వంగడాలను కొన్నేళ్లలోనే దోమ జయించింది. చివరకు 1986లో ఆ దేశాధ్యక్షుడి ఆదేశంతో వరిపై 57 రకాల పురుగు మందుల వాడకాన్ని నిషేధించారు. రైతులకు పొలంలోనే పాఠాలు చెప్పారు. ఏ పురుగు శత్రువు, ఏది మిత్రుడు అన్నది చూపి నేర్పారు. మన దేశంలోనూ ఈ దోమ విజృంభించింది. 1973-74లో కేరళ వరి పంటను సుడిదోమ తీవ్రంగా దెబ్బతీసింది. ఆ తర్వాత కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ, సాగర్ ఆయకట్టులోనూ ఇది పెద్ద చీడగా మారింది.

మరి మన రైతు ఏం చెయ్యాలి? నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, వంగడం. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి మనందరికీ ఇష్టమైన సన్నబియ్యం. అది సుడిదోమను తట్టుకోదు. మారుటేరు పరిశోధనా స్థానం నుంచి చైతన్య, కృష్ణవేణి, విజేత లాంటి దోమను తట్టుకునే రకాలు వచ్చాయి. దోమ ఎక్కువగా వచ్చే మడుల్లో అలాంటి రకాల గురించి వ్యవసాయ అధికారులను అడిగి ఎంచుకోండి.

రెండోది, నాటు పద్ధతి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా కాలిబాట వదలండి. గాలీ వెలుతురూ దుబ్బు మొదట్లోకి తగులుతాయి. సుడిదోమ నీడను, తడిని కోరే పురుగు. దానికి అవి దొరకకుండా చెయ్యాలి. పైరు చూడ్డానికి కూడా ఆ బాటల్లోంచే నడవొచ్చు.

మూడోది, నీరూ యూరియా. సాగర్ నీళ్లు వస్తున్నాయని మడి ఎప్పుడూ నింపి ఉంచకండి. దోమ కనిపించినప్పుడు నీళ్లు తీసేసి మడిని ఆరబెట్టండి. యూరియాను సిఫార్సు మేరకు, విడతలుగా వెయ్యండి.

నాలుగోది, ఇది అన్నిటికంటే ముఖ్యం. మందు కొట్టే ముందు చూడండి. పైపైన ఆకులు చూసి రాకండి. దుబ్బును పక్కకు వంచి, మొదట్లో చేత్తో తట్టండి. నీళ్ల మీద పడే పురుగులను లెక్కపెట్టండి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దోమలుంటేనే మందు అవసరం. అదే తట్టుడులో సాలీళ్లు, మిరిడ్ నల్లులు ఎన్ని పడ్డాయో కూడా చూడండి. పైన ఎగిరేది పచ్చదోమైతే దాని దారి వేరు. అది టుంగ్రో అనే వైరస్ తెగులును మోసుకొస్తుంది. దానికి చేసే పని వేరు, సుడిదోమకు చేసే పని వేరు. పచ్చదోమను చూసి సుడిదోమ మందు కొడితే డబ్బూ పోతుంది, మిత్రపురుగులూ పోతాయి. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు కొట్టిన మడుల్లో సాలీళ్లు చనిపోయి దోమ తిరిగి రెట్టింపవుతుందని పరిశోధనలు చాలాసార్లు చూపించాయి. మందు తప్పనిసరైతే దాన్ని దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది దుకాణంలో కాదు, గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. చిలుకూరుకూ కోదాడకూ అది దూరం కాదు.

ఇక పాఠశాలల్లో విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వర్గీకరణ పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో ఉన్న సింహం, పులి పేర్లతో ఆపకండి. పిల్లలను పొలం గట్టుకు తీసుకెళ్లండి. ఒక భూతద్దం, ఒక గాజు సీసా చాలు. పచ్చదోమనూ సుడిదోమనూ పక్కపక్కన పెట్టి మీసం ఎక్కడ పుట్టిందో, కాలి చివర ముల్లుందో లేదో చూపించండి. జిల్లేడు మీద యూరిబ్రాకిస్‌ను వెతకమనండి. ఎక్కడికి వెళ్లినా ఆ పిల్లలు కొత్త పురుగును చూసి భయపడే ముందు దాని వంశం ఏమిటని అడుగుతారు. రేపు వాళ్లలో ఒకరు మన కొండల్లోని లాంతరు పురుగుల మీద పని చెయ్యొచ్చు. మన దేశంలో ఈ శాఖ మీద చెయ్యాల్సిన పని చాలా ఉంది.

మన కొండల్లో పెద్ద లాంతరు పురుగు అడవి చెట్టు మీద కనిపిస్తే చంపకండి. అది కుట్టదు, కరవదు, మన పంట జోలికి రాదు. ఫోటో తీసుకుని, ఎక్కడ, ఏ చెట్టు మీద కనిపించిందో రాసి పెట్టుకోండి. చదువుకున్నవాళ్లెవరైనా అడిగితే ఆ సమాచారం ఇవ్వండి. ఏ పురుగు ఎక్కడ ఉందన్న లెక్క అలాంటి చిన్న సమాచారాలతోనే నిండుతుంది.

రైతు సోదరులారా, ఈ వానాకాలం దోమ మందు కొనే ముందు ఒక్కసారి మడిలో దిగి దుబ్బు తట్టి చూడండి. పడిన పురుగు ఏదో గుర్తుపట్టండి, లెక్కపెట్టండి, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోండి. గుర్తుపట్టకుండా కొట్టిన మందు మీ డబ్బుతో మీ శత్రువుకు చేసిన సాయం.